ఇప్పచెట్ల కింద నిప్పు పెట్టని ఏడాది

అవ్వా, నిన్ను ఒక్క మాటైనా అడగకుండా భూగోళాన్ని కాపాడినందుకు నీ మనవణ్ణి క్షమించు.

నువ్వు పోయాక మూడో ఇప్పపూల కాలం ఇది. పువ్వు ఏరడం సులువని కొత్తగూడ అడవిలో ఊరోళ్లు రాలిన ఆకులకు నిప్పు పెడితే, మొక్కలు మాడిపోతాయని తిట్టేదానివి కదా. ఈసారి హైదరాబాద్ నుంచి ఒక దాతల సంస్థ వచ్చింది. ఊరంతా నిప్పు మానేస్తే, రాలే పువ్వు పట్టేలా చెట్ల కింద కట్టుకోవడానికి ఇంటింటికీ వలలు ఇస్తామంది. నేను వాతావరణ మార్పు మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను.

ఏటా పువ్వేరే మన ఊరి లచ్చక్క ఆవులించింది. "నిప్పు పెట్టకుంటే ఆకుల్ల పువ్వెట్ల దొరుకుతది పిల్లగా? నీ డిగ్రీ ఏరుతదా?"

సంస్థ మేడం కాగితాలు సర్దుకోసాగింది. "రేపు పొద్దుగాల దాక ఆగుండ్రి మేడం" అని బతిమాలాను.

తెల్లారి మన చెట్టు కింద కట్టిన బట్టలో పువ్వు కుప్పగా రాలి ఉంది. లచ్చక్క ఒకటి నోట్లో వేసుకుంది. "మన్ను లేదు. మీ అవ్వ గిట్లనే బట్ట కట్టుమంటే నవ్వినం" అంది. ఊరు ఒప్పుకుంది. ఇప్పుడు చెట్ల కింద చిన్న మొక్కలు పచ్చగా నిలబడ్డాయి.

ఇదంతా నా ఉపన్యాసం మహిమేనని ఊళ్లో చెప్పుకుంటున్నాను. నిజానికి నేను చేసింది ఒక్కటే. నాయిన పెట్టెలో దాచుకున్న నీ ఆఖరి చీరను ఆయనకు చెప్పకుండా తీసి, ఆ కొమ్మల కింద కట్టాను.