కొల్లేటి గట్టున మీ మొక్క

ఏవండీ,

ఈరోజు మీ మొక్క దొరికింది. తులసి కుటుంబానిదే, ఊదారంగు పూలది. మీరు గుండుగొలను దిగువన కోసి తెచ్చి, ఆరబెట్టి, అట్టకు కుట్టి కాలేజీలో ఎండు మొక్కలు భద్రపరిచే హెర్బేరియంలో పెట్టిన ఆ మొక్కే. "ఇది కొండల్లో పెరిగేది, కొల్లేట్లో ఉండదు. చోటు పేరు పొరపాటున రాసుంటారు" అని పెద్ద శాస్త్రవేత్త ఒకాయన దాన్ని కొల్లేటి మొక్కల రికార్డులోంచి తీసేశారు. మీరు వాదించలేదు. ఏటా వానలు తగ్గగానే నన్ను వెంటబెట్టుకుని వెతికేవారు. మీరు పోయాక మీ స్టూడెంటు రూతు, నేను వెతుకుతున్నాం.

ఈ ఉదయం చేపల చెరువుల మధ్య చిత్తడిలో రూతు ఉన్నట్టుండి కూర్చుండిపోయింది.

"అమ్మగారూ, ఇటు రండి! సార్ మొక్కేనండీ!"

ఒకటి కాదు, గట్టు పొడుగునా విరగబూసి ఉంది. అక్కణ్ణించే ఫొటోలు పంపితే ఆ శాస్త్రవేత్తే ఫోన్ చేశారు. "సార్ రాసిందే నిజమండీ. ఆ షీటు మళ్ళీ రికార్డులో చేరుస్తాను" అన్నారు.

నేను మోకాటిలోతు బురదలో నిలబడి నవ్వుతూనే ఉన్నాను. చెరువు రైతు వింతగా చూశాడు.

"కలుపు మొక్కకి ఇంత సంబరమేంటండీ?"

"మావారు చెప్పిన చోటే పూసిందండీ!" అన్నాను, కొల్లేరంతా వినబడేలా.