దగ్గు లేదని రాసియ్యమన్న కాగితం

బేతంచెర్ల.

మండల అధికారి గారికి,

నమస్కారం సార్. లాక్‌డౌన్‌లో మూసిన మా బండల పాలీషు ఫ్యాక్టరీ మళ్లీ తెరిచేదానికి మీరు చెప్పినవన్నీ చేసినాను. గేటుకాడ సబ్బు, నీళ్లు పెట్టినాను. మిషన్లు ఎడంగా జరిపినాను. మాస్కులు పంచినాను. ఒక్క కాగితం మీదనే సంతకం పెట్టలేకపోతాండా. పనోళ్లల్లో ఎవరికీ దగ్గు లేదని రాసియ్యమన్నారు.

నా దగ్గర పదకొండుమంది ఉండారు సార్. పదకొండుమందీ దగ్గుతారు. అది బండల దుమ్ము. అందరికీ కరోనా పరీక్ష చేయించినాను, ఎవరికీ లేదు. ఆ చీటీలు దీంతో పంపుతాండా. దగ్గేవాళ్లను ఇంటికి పంపితే నాకు మిషన్లే మిగులుతాయి. ఆ ఒక్క మాట మార్చండి.

కోత మిషన్ నడిపే ఏసేపు ఇన్నేండ్లూ మూతికి తువ్వాలే చుట్టుకున్నాడు. మొన్న షెడ్డు ఊడ్చి, మాస్కు తీసి నాకు చూపించినాడు. నీలం మాస్కు తెల్లగా అయిపోయింది.

"ఈ రోగం పోయినాక గూడా ఇస్తావా భాయ్?" అని అడిగినాడు.

అందుకే ఇంకో మాట గూడా రాస్తాండా.

పోయినాక గూడా ఇయ్యాలని మీ రూల్సులో రాయండి సార్. రాయకపోతే నేను ఇయ్యను. నా సంగతి నాకు తెలుసు.

ఇట్లు,
ఫ్యాక్టరీ ఓనరు