తాత పేరు మీద మీటరు

జూన్ 3
ఆడిటరు గారి దగ్గర మళ్లీ చుక్కెదురు. జీఎస్టీ నంబరుకు మా రాళ్లు కోసే షెడ్డు కరెంటు బిల్లు కావాలన్నాడని తీసుకెళ్లాను. అది తాత పేరు మీద ఉంది. "తాత పోయి ఎన్నేండ్లాయె పాపా, ఇంగా కరెంటు ఆయనే కాలుస్తుండాడా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వారసులిద్దరూ సమ్మతి సంతకాలు పెట్టాలట. నాయన సరే. చిన్నాయన...?

బెంగళూరు హోటలు వాళ్లు గోడలకు పలకరాయి అడిగారు. నా పేరు మీద మొట్టమొదటి ఆర్డరు! రాష్ట్రం దాటే సరుకు, నంబరు ఉండి తీరాలి. లేదంటే ఆర్డరు ఇంకో షెడ్డుకు పోతుంది.

జూన్ 4
నాయన — "వాని గడప తొక్కేది లేదు." బావి పంచుకున్ననాటి కోపం. ఉండేది వెనక వీధిలోనే. వీసా కావాలేమో వీళ్లకు.

జూన్ 6
నేనే వెళ్లాను. చిన్నాయన కాగితం రెండుసార్లు చదివాడు.
"మీ నాయన పంపినాడా?"
"లేదు చిన్నాయనా, నేనే వచ్చినా."
"అట్లనా."
సంతకం పెట్టాడు. కింద ఫోన్ నంబరు కూడా రాశాడు. "రాయి కోసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో." అన్నాడు. వీధి మలుపులో ఏడుపొచ్చింది. ఎందుకో.

జూన్ 7
అప్లికేషన్ పెట్టాం. ఆఫీసరు వచ్చి షెడ్డు చూస్తారట. ఏ రోజో చెప్పరట.

జూన్ 12
గిద్దలూరులో పెళ్లి. నాయన వస్తున్నాడని చిన్నాయన రాలేదు, ఎప్పటిలాగే. మేళం మోతలో ఫోన్ వినపడలేదు. భోజనాలయ్యాక చూస్తే తెలియని నంబరు నుంచి వరసగా మిస్డ్ కాల్స్. చేశాను. ఆఫీసరు! ఈ రోజే వచ్చాడట. షెడ్డుకు తాళం వేసి ఉంది. "సార్, రేపు ఒక్కసారి..."

"చూసేసినాంలేమ్మా. మీరు ఎత్తలేదని కాగితంలో ఉన్న ఇంకో నంబరుకు చేసినాం. మీ చిన్నాయన వచ్చి తాళం తీసినాడు. ఫోటోలు గూడా అయిపోయినాయి."

తాళం తీశాడా? తాళంచెవి నా సంచిలోనే ఉంది కదా!

రైల్లో నాయనకు చెప్పాను. కంభం దాటాక కిటికీలోంచి చూస్తూ — "మా నాయన ఇద్దరికీ చెరొకటి ఇచ్చినాడు. వానిది వాని దగ్గరే ఉండిపోయె."
"మరి ఇన్నేండ్లూ తాళం మార్చలేదేంది నాయనా?"
"మంచి తాళం. ఏంటికి మార్చేది?"

జూన్ 19
నంబరు వచ్చింది! అమ్మయ్య. ఎన్నాళ్లకు కడుపు నిండా అన్నం తిన్నాను. షెడ్డు బోర్డు మీద రాయించి, అందరికీ చదివి వినిపించాను. "ఇంగ ఆపు తల్లీ" అన్నాడు నాయన.

జూలై 5
లోడు బెంగళూరుకు బయలుదేరింది. లారీ మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను.

జూలై 15
జూన్‌లో అమ్మకమే లేదు. అయినా సున్నా అని రిటర్ను వేయాలట, మరిస్తే ఫైను. వేశాం. ఏమీ అమ్మలేదని సర్కారుకు చెప్పడానికీ గడువు!

ఆగస్టు 18
జూలై రిటర్ను వేసి పన్ను కట్టాం. పన్నంటే అందరూ ఏడుస్తారు. నేను చలానా ఫోటో తీసి దాచుకున్నాను. ఎంత హాయిగా ఉందో.

వచ్చేటప్పుడు ఆడిటరు గారు — "ఇంగ ఆ మీటరు పేరు మార్పిచ్చుకోండి పాపా."
ఇంటికొచ్చి నాయనను అడిగాను, ఎవరి పేరు మీద అని.
"వాన్ని అడుగు."
"నువ్వే అడగరాదా నాయనా."
లేచి చొక్కా మార్చుకున్నాడు. చెప్పులేసుకుని వెనక వీధి వైపు నడిచాడు.

అన్నం వేళ దాటింది. ఇంకా రాలేదు. ఫోన్ చేయను.