కదలని కన్ను

పెదబయలు,
10 మార్చి 1998

ప్రియమైన అనూకి,

పాడేరు హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న చనువుతో, శుక్లం తీయించుకోవడానికి విశాఖలో నీ దగ్గరికే వచ్చాను. ఆపరేషన్ టేబుల్ మీద కుదురుగా ఉండలేక, కంట్లో కొత్త లెన్స్ పెట్టే వీలు లేకుండా చేసుకున్నాను. నీకు చెడ్డపేరు తెచ్చానేమోనని బాధగా ఉంది. సోడాబుడ్డి కళ్ళద్దాలతో మెట్టు ఎక్కడుందో తెలియడం లేదు గానీ, బడిలో బోర్డు మీద రాయగలుగుతున్నాను. నన్ను క్షమించు.

నీ కుమారి

విశాఖపట్నం,
2 ఏప్రిల్

కుమారీ,

క్షమాపణలు ఎందుకే? ఇలాంటివి జరుగుతుంటాయి. కాస్త తేలికపాటి కళ్ళద్దాలు పంపుతున్నాను. ఓపీ నిండా జనం, ఇంతకంటే రాయలేను.

అనూ

పెదబయలు,
20 జూలై

ప్రియమైన అనూ,

రెండో కన్ను కూడా మసకబారింది. అయినా రాను. మళ్ళీ కదిలితే?

మా సోములమ్మత్తకి శుక్లాల వల్ల రెండు కళ్ళూ కనబడవు. ఆమెతోపాటు ఊళ్ళో అలాంటి మరో నలుగురిని నీ దగ్గరికి పంపుదామని జీపు మాట్లాడాను. తీరా బయలుదేరే వేళకి గుమ్మం పట్టుకుని కూర్చుంది. "సదువుకున్న పంతులమ్మే కదిలిపోనాది. నానేటి ఊరుకోగల్ను? నానొల్ల!" అంది. మిగతా నలుగురూ జీపు దిగిపోయారు. వీళ్ళకి చూపు రాకపోవడానికి కారణం నేనే. కదలకుండా ఉండటానికి మందేమైనా ఉందా?

నీ కుమారి

విశాఖపట్నం,
29 జూలై

కుమారీ,

నువ్వు కదలలేదు.

శుక్లం తీశాక, దాన్ని పట్టి ఉంచిన సంచి ఉల్లిపొరకన్నా పలచగా కంట్లోనే మిగులుతుంది. కొత్త లెన్స్ అందులోనే పెడతాం. మీ కొండల్లోని వాళ్ళకి ఆ సంచి ఎంత వెడల్పు ఉంటుందో కొలిచి, సదస్సులో పేపరు చదవాలని నా ఆశ. పద్దెనిమిది మందిని కొలిచాను. ఒక్కరినీ అడగలేదు. నువ్వు పంతొమ్మిదోదానివి. కొలిచే సన్నటి రింగును ఆ సంచిలోకి దింపుతుంటే పొర చిరిగింది. నీ వైద్యానికి ఆ కొలతతో పనే లేదు.

కట్టు కట్టాక "నేను కదిలానా?" అని అడిగావు. "కొంచెం" అన్నాను. ఆ మాట నా నోట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో! నీ మొదటి ఉత్తరం చదివి కూడా నోరు మూసుకున్నాను. సదస్సుకి వెళ్ళి చప్పట్లు కొట్టించుకుని వచ్చాను.

ఈరోజే మా ఆసుపత్రి పెద్దలకి జరిగిందంతా రాసిచ్చాను. పేపరు వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

అనూరాధ

పెదబయలు,
30 ఆగస్టు

అనూరాధకి,

నెలరోజులు నీకు రాయబుద్ధి కాలేదు. అడిగి ఉంటే కొలుచుకోమనేదాన్ని కదే!

నీ ఉత్తరం సోములమ్మత్తకి చదివి వినిపించాను. "కదల్నేదని నీకు తెల్దేటే? డాట్రమ్మ సెప్పీసిందని నమ్మీసినావా?" అంది.

రెండో కన్ను వేరే డాక్టరు దగ్గర చేయించుకున్నాను. ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. లెన్స్ పెట్టారు. బాగానే కనబడుతోంది.

అత్త మాత్రం ఇంకా కదలనంటోంది. కాగితం చాలదట. "ఆయమ్మనొచ్చి నా మొకమ్మీద సెప్పమను" అంటోంది. మిగతా నలుగురిదీ అదే మాట. వచ్చే సంతరోజున రా. అందరి ముందూ చెప్పు. అప్పుడు నీ పక్కన నిలబడగలనో లేదో నాకే తెలియదు. భోజనం మాత్రం వండి ఉంచుతాను.

సత్యకుమారి