గొరిల్లాకు అరటిపండు పెట్టమన్న అధికారి మీద అర్జీ

కాంగో దేశం, ఎలాండో గ్రామం నుండి,
జిల్లా పాలనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కూతురు డాక్టర్ ఒర్తాన్స్ గెలిచినందున, అటవీ అధికారి మస్సాలా గారికి తగిన శాస్తి జరిపించుట గురించి.

అడవిలో జాడలు తీసి బతికిన అపోలినేర్ ఎకూంబా అను నేను, సంతోషంతో వ్రాసుకొను మనవి:

1. ఇరవై రెండేళ్ళ క్రితం ఎబోలా మా అడవిలో గొరిల్లాలను చంపి, ఆ వెనుకే ఊళ్ళోకి వచ్చి నా భార్య సెలెస్తీన్‌ను తీసుకుపోయినది. అప్పుడు ఒర్తాన్స్‌కు తొమ్మిదేళ్ళు. "దాని అంతు చూస్తా నాన్నా" అన్నది. చూసినది!

2. జలుబు తెచ్చే ఒక వైరస్ కోరలు పీకి, దానికి ఎబోలా చొక్కా తొడిగి ఒర్తాన్స్ వాళ్ళు టీకా చేసినారు. "ఒంట్లో కాపలావాళ్ళు ఆ చొక్కా గుర్తుపెట్టుకుంటారు నాన్నా, అసలు దొంగొస్తే వదలరు" అన్నది. మనుషులకు సూది, గొరిల్లాలకు తినే ముద్ద.

3. ఆ ముద్ద అరటిపండుతోనే చేయవలెనని మస్సాలా గారు పట్టుబట్టిరి. మా లోపలి అడవి గొరిల్లాలు అరటిని ఎరుగవు, అడవిలో కాసే ఎర్ర తోందోలో పండు పెట్టండి అని విన్నవించితిని. "ఏం ముసలాయనా, కోతుల బంతిలో భోంచేశావా? నీ కూతురికి పట్టా ఇచ్చింది ఏ గొరిల్లా?" అన్నారు, నిండు సభలో. అందరూ నవ్విరి. భయానికి నేను కూడా నవ్వితిని. అదే నన్ను కాల్చుచున్నది.

4. రెండేళ్ళు అరటి ముద్దలు చీమలు తిన్నవి. మొన్న ఒర్తాన్స్ తోందోలో గుజ్జుతో చేసి పెట్టగా, చెట్టుకు కట్టిన కెమెరాలో, అయ్యా, పిల్లను చంకనేసుకున్న తల్లి గొరిల్లా తిన్నది! వేళ్ళు నాకినది! దాని పేడ పరీక్షలో ఒంట్లో రక్షణ పుట్టినదని తేలినది. ఊరంతా ఎగురుచు తిరిగితిని. మోకాలు వాచినది.

5. అయినను ఈ ఎండకాలపు పంపిణీకి మస్సాలా గారు మళ్ళీ అరటికే ఉత్తర్వు వ్రాసిరి. అది సాగితే జబ్బు మళ్ళీ మా గుమ్మంలోకే వచ్చును.

కావున ఆ ఉత్తర్వు రద్దుచేసి, తోందోలో ముద్దల బుట్ట మస్సాలా గారి నెత్తిన పెట్టించి, నా కూతురి వెనుక అడవంతా నడిపించవలెను. దారి నేను చూపెదను. బురద దారులన్నీ నాకు తెలియును.

చిత్తగించవలెను. త్వరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు (తమకు మాత్రమే),
అపోలినేర్ ఎకూంబా

తా.క.: ఈ ఉదయం మస్సాలా గారు ఆసుపత్రికి వచ్చి, టీకా ముందు తనకే కావాలన్నారు. మా అమ్మాయి మారుమాట లేకుండా వేసినది. పైగా "నొప్పెట్టిందా బాబాయ్?" అని భుజం మీద ఊదినది! అంతా తల్లి పోలిక. రెండో సూదికైనా లావుది వాడవలెనని ఆమెకు తమరు గట్టిగా ఉత్తర్వు పంపవలెను.