సుక్మతి అడిగిన రాజ్యం

అన్నయ్యకు, వదినకు ప్రభువు పేరిట మీ సుగుణ వందనాలు. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి పేచీ పెట్టకుండా వెళుతున్నారా? మేమిక్కడ క్షేమం. నిజంగానే క్షేమం. మొన్న ఫోన్‌లో నా గొంతు నీరసంగా ఉందని దిగులు పెట్టుకోకు, అది జలుబు.

బస్తర్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడ వాన పట్టిందంటే వారం వదలదు. మీ బావ తెల్లారగానే సుత్తి, జెండాలు పట్టుకుని పట్టాల వెంట నడుస్తారు. ఇనుప రాయి బండ్లు వెళుతుంటే క్వార్టరు కిటికీలు గలగలమంటాయి. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు బండి రాకపోతేనే తోచడం లేదు.

ఒక సంగతి ఫోన్‌లో చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఆదివారాలు మా క్వార్టరులో ప్రార్థన పెట్టుకుంటాం, జగదల్‌పూర్ నుంచి పాస్టరుగారు వస్తారు. పోయిన నెల పట్టాల మీద మట్టి పడి పాసింజరు రద్దయింది. దేవుని రాజ్యం గురించి ఆ వారం నన్నే చెప్పమని ఆయన ఫోన్ చేశారు. నాన్న మన సంఘంలో చెప్పినట్టే చెప్పాను. సింహాసనం, బంగారు వీధులు, కిరీటాలు, సగం తెలుగులో, సగం హిందీలో. బాగానే చెబుతున్నాననుకున్నాను.

సంతలో పుట్టగొడుగులు, వెదురు చిగుళ్లు అమ్మే సుక్మతి ఆ రోజే మొదటిసారి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది. నేను ముగించగానే హిందీలో అడిగింది: "దీదీ, ఆ రాజ్యం వచ్చాక మా ఊరు ఏ జిల్లాలో పడుతుంది?"

హిందీలో రాజ్యమంటే రాష్ట్రం కదా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సుక్మతి బుట్ట తీసుకుని వానలోనే వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు.

స్టేషన్ బయట టీ కొట్టు నడిపే అప్పన్న మావయ్య మనవైపు మనిషే. ఆయన చెప్పాడు: "ఆవిడ నవ్వులాటకి అడగనేదమ్మా. జిల్లాలు ఇడగొట్టినప్పుడు ఆల ఊరు అటూ ఇటూ కాకుండా పోనాది. మొగుడు చచ్చిపోయిన కాయితం కోసం రెండు ఆఫీసులూ తిరుగుతున్నాది. ఈలు ఆల దగ్గరికెల్లమంటారు, ఆలు ఈల దగ్గరికెల్లమంటారు."

ఆ మాట విన్నాక అన్నం సయించలేదన్నయ్యా. నేను రాజ్యం లోపల కూర్చున్నాననుకుని, గుమ్మంలో ఉన్న మనిషిని చూసి నవ్వాను.

మీ బావకు సెలవు దొరికిన రోజు ఇద్దరం వాళ్ల ఊరు వెళ్లాం. సుక్మతి ముఖం తిప్పుకోలేదు. చిప్పల్లో రాగి అంబలి పోసి ఇచ్చింది, అచ్చం మన చోడి అంబలే. తాగాక, తప్పు చేశాను క్షమించమన్నాను. ఆమె పొయ్యిలో పుల్లలు సర్దింది.

"అక్కడ కూడా నువ్వు మా మనిషివి కాదంటారేమోనని అడిగాను" అంది.

"అక్కడ ఆ మాట ఎవరూ అనరు. ఎవరినీ అనరు" అన్నాను.

"మరి ఆ మాటే ముందు చెప్పాలి కదా దీదీ. నువ్వు కుర్చీ గురించే చెప్పావు."

సింహాసనాన్ని ఆమె కుర్చీ అంది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఆమెతో ఆ రెండింటిలో ఒక ఆఫీసుకు వెళ్లాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాం. కాగితం ఇంకా చేతికి రాలేదు గానీ, దరఖాస్తు తీసుకుని రసీదు ఇచ్చారు. ఇప్పుడు సుక్మతి ఆదివారాలు వస్తోంది, అత్తగారిని కూడా తెస్తోంది. నేను చెప్పింది ఆమె వాళ్ల హల్బీ భాషలో చెబుతుంది. నా రెండు మాటలకు ఆమెవి పది మాటలు. ఏం కలుపుతోందో నాకు తెలియదు, వినేవాళ్లు మాత్రం తలలు ఊపుతున్నారు. పాస్టరుగారు కూడా సంతోషించారు.

నాకిక్కడ బాగుంది అన్నయ్యా. మిమ్మల్ని తలచుకోని రోజు లేదు, అయినా బాగుంది.

వదిన ఈసారి ఆవకాయ పంపితే కాస్త ఎక్కువ పంపమను. చిన్నాన్నకు, పిన్నికి, మన సంఘం పెద్దలకు నా వందనాలు అందించు. మీ ప్రార్థనల్లో మమ్మల్ని తలచుకోండి.

మరో మాట. సుక్మతి సముద్రం ఎప్పుడూ చూడలేదట. క్రిస్మసుకు నాతో మన ఊరు తీసుకొస్తానని మాట ఇచ్చేశాను, నిన్ను అడగకుండానే. నా పక్కనే ఇంకో చాప వేయమని వదినకు చెప్పు.

మీ ఆశీర్వాదాలు కోరే చెల్లెలు,
సుగుణ