అమ్మ రాయి మీద ఊరు

కొండాపూర్,
సెప్టెంబరు, 2013

చెల్లీ సెలీనా,

దేవుని చెయ్యి నీ మీదా పిల్లల మీదా ఉండాలి.

మెక్సికోలో ఆ పొద్దున మామూలుగానే తెల్లారింది. ఆఫీసు పని మీద అక్కడ ఆర్నెల్లున్న మన తమ్ముడు రాబిన్, తిరిగొచ్చే ముందు భార్య బ్లెస్సీనీ నన్నూ పిలిపించుకున్నాడు కదా. వాడి అద్దె గదిలో, ఇక్కడినుంచి మోసుకెళ్ళిన రవ్వతో ఉప్మా చేసి డబ్బాలు కట్టాను. "మాయా రాజులకీ ఒక డబ్బా కట్టారా వదినా?" అంది బ్లెస్సీ, మేజోళ్ళు వెతుక్కుంటూ. ప్రార్థన చేసుకుని, మాయా జాతివాళ్ళ పాత నగరం చూడటానికి బయల్దేరాం.

మెట్ల గుడి ఎక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. కింద ఒక ఇంటి పునాదుల దగ్గర కూర్చున్నాను. ఊరు చూపించే ఆవిడ అక్కడి నేలలో ఒక గుంట చూపించింది. రాబిన్ నాకు తెలుగులో చెప్పాడు. "పోయినవాళ్ళని ఇంటి నేల కిందే పెట్టుకుని, పైన కాపురం చేసేవారట పెద్దక్కా."

"ఇల్లు వదిలిపోవాలంటే?" అని అడిగించాను.

"పోయిన పెద్దవాళ్ళున్న చోటే ఇల్లు అంటోంది," అని వాడు మొహం తిప్పుకున్నాడు.

ఎందుకో నీకు తెలుసు. అమ్మ పోయింది సకల జనుల సమ్మె రోజుల్లో. బస్సులు లేవు, రైళ్ళు ఆగిపోయాయి. గుడివాడలో నాన్న పక్కన పెట్టాలనుకున్న మనిషిని ఇక్కడ కొండాపూర్‌లోనే పెట్టాం. ఎప్పటికైనా తీసుకెళ్దామని రాబిన్ సమాధి కట్టనివ్వలేదు. ఏడాది తిరిగేసరికి రాయి వెయ్యడం మన ఆనవాయితీ. రెండేళ్ళు కావస్తున్నా అమ్మ మీద మట్టీ, కొయ్య సిలువే. వాడికి ఆ సమ్మె గుర్తుంది. సమ్మెలో ఉండి కూడా అమ్మ శవపెట్టె మోసిన పక్కింటి ఆర్టీసీ డ్రైవరు కిష్టయ్య గుర్తు లేడు. "నువ్వు పక్కకు జరుగక్కా, మాకు అమ్మ గాదా ఏంది" అన్నాడాయన ఆ రోజు. రాబిన్ మరిచిపోయాడన్నదే నా బాధ. ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు రాష్ట్రం వేరవుతుందనేసరికి ఇల్లు అమ్మేద్దామన్నాడు. విశాఖ వచ్చెయ్యమని నువ్వూ రాశావు. నాకు వాదించే ఓపిక లేదమ్మా.

ఈ సాయంత్రం కిష్టయ్య ఇక్కడ మనింటి గేటు దగ్గరికొచ్చాడు. "వానకు అమ్మ దిబ్బ మళ్ళ కుంగింది తమ్మీ. రేపు మట్టి పోస్తం. రాయి ఎప్పుడేస్తరు? గిట్లనే ఉంచుతరా?" రాబిన్ గేటు వేసి లోపలికొచ్చాడు.

కుటుంబ ప్రార్థనకి కూర్చున్నాం. మనింట్లో ముగించేది నేనే కదా. అందరి కోసం ప్రార్థించి, ఆమేన్ అనకుండా ఆగిపోయాను. రాబిన్ కళ్ళు తెరిచాడు.

"ఆమేన్ అనవా పెద్దక్కా?"

"రాయి మాట చెప్పు నాన్నా."

"అక్కడ ఆవిడ అన్నట్టు, పెద్దవాళ్ళున్న చోటే ఇల్లు," అన్నాడు వాడు. "రేపు కిష్టయ్యన్నతో వెళ్ళి రాయి పురమాయించి వస్తాను. ఇల్లు అమ్మొద్దులే."

"రాయి మీద ఊరు గుడివాడ అనేనా?" అంది బ్లెస్సీ మెల్లిగా.

"కొండాపూర్ అని చెక్కిద్దాం" అన్నాడు.

అప్పుడు ఆమేన్ అన్నాను.

మీ పెద్దక్క
విమల